ఎర్ర మొగులు పక్కన

పెళ్ళికూతుళ్ళ ముఖాల మీద మచ్చలు తుడవడం అండాలు పని. మొటిమలు, కళ్ళకింద నలుపు, చెమటకి జారిన కాటుక, పెళ్ళికొడుకు గడ్డం కింద రేజరు గాటు, వెనక నిలబడి ఆవలిస్తున్న మేనమామ నోరు, అన్నీ ఆమె మౌసు కింద మాయమైపోతాయి. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న ఫొటో స్టూడియోలో, కిటికీ అన్నది లేని వెనక గదిలో ఆమె ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తోంది. ముందు గదిలో ఆమె భర్త జనార్ధన్ కోచింగ్ పిల్లలకి పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తాడు, సీజన్లో పెళ్ళిళ్ళకి వెళ్తాడు. ఆయన పట్టుకొచ్చిన జనాన్ని ఈమె కడిగి, తుడిచి, ఆల్బములో కూర్చోబెడుతుంది. బోర్డు మీద పేరు మాత్రం ఆయనదొక్కటే. దానికి ఆమెకి పెద్ద పట్టింపు లేదు. ఆమె బాధల్లా మెడనొప్పి.

పొద్దున ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంటే, మళ్ళీ లేచేసరికి బయట వీధి దీపాలు వెలిగి ఉంటాయి. ఇంటికి పోయి కళ్ళు మూసుకున్నా రెప్పల లోపల ఎవరివో ముక్కుపుడకలు మెరుస్తూనే ఉంటాయి. ఎట్లున్నవ్ అని పక్కింటివాళ్ళు అడిగితే, "ఉన్నట్లే ఉన్న" అంటుంది. అబద్ధం చెప్పే ఓపిక లేక చెప్పే నిజం అది.

ఈ మధ్య పెళ్ళికి ముందు తీయించుకునే ఫొటోల పిచ్చి ముదిరాక ఆమె పనికి చంద్రుడు కూడా తోడయ్యాడు. ప్రతి జంటకీ వెనకాల నిండు చంద్రుడు కావాలి. స్టూడియోలో ఉన్నదేమో ఒకే ఒక్క చంద్రుడు. ఎప్పుడో ఒక కార్తీక పున్నమికి జనార్ధన్ పెద్ద లెన్సు కిరాయికి తెచ్చి, ఇంటి డాబా మీద నుంచి తీసింది. నిజంగా మంచి ఫొటో. గుంటలు, గీతలు, అంచున సన్నటి నీడ, అన్నీ కనిపిస్తాయి. ఆ పాపానికి ఆ చంద్రుణ్ణి కొత్తపేట జంటల వెనకా, చంపాపేట్ జంటల వెనకా, వనస్థలిపురం స్విమ్మింగ్ పూల్ పక్కనా అతికించి అతికించి అండాలుకి విసుగొచ్చింది. "జర పెద్దగ చెయ్యండి ఆంటీ" అంటారు పిల్లలు. చేస్తుంది. ఆకాశంలో సగం ఆక్రమించేటంత పెద్దగా చేస్తుంది. ఒకసారి నిద్రమత్తులో తలకిందులుగా పెట్టేసింది. ఎవ్వరూ కనిపెట్టలేదు. ఆ జంటకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

చంద్రుణ్ణి అంత బాగా తీసినవాడికి చంద్రుడంటే పడదు. జనార్ధన్ గుండె నిండా ఉన్నవి నీహారికలు. నక్షత్రాల మధ్య పరుచుకుని ఉండే, కంటికి ఆనని, రంగురంగుల ధూళి మేఘాలు. ఆయన నెబ్యులాలంటాడు. అండాలు, మబ్బుని అన్నట్టే, మొగులు అంటుంది. ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది చలికాలంలో తూర్పున లేచే ఒక ఎర్రటి గుండ్రటి మేఘం. పెద్ద గులాబీ పువ్వులా ఉంటుందని దాన్ని రోజెట్ అంటారట. "నీ ఎర్ర మొగులు ఒచ్చిందా?" అని అడుగుతుంది అండాలు ప్రతి యేడూ, చుట్టపు చూపుగా వచ్చే ఆడబిడ్డ సంగతి అడిగినట్టు.

ఆ మేఘాలని తీయాలంటే చంద్రుడు ఉండకూడదు. వెన్నెల కొంచెమున్నా అవి కలిసిపోతాయి. అందుకని జనార్ధన్ పంచాంగం చూసే పద్ధతి లోకానికి ఎదురు. అందరూ ముహూర్తాలు వెతుకుతుంటే ఆయన ముహూర్తాలు లేని రోజులు వెతుకుతాడు. అమావాస్య దగ్గర పడితే ఊళ్ళో పెళ్ళిళ్ళు ఆగుతాయి, ఈయన సంచి సర్దుకుంటాడు. మూఢమొస్తే మిగతా ఫొటోగ్రాఫర్లు తలలు పట్టుకుంటారు, ఈయన మొహం వెలిగిపోతుంది. పుష్యమాసం సంగతి చెప్పనే అక్కర్లేదు. శూన్యమాసం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు, చలికాలం కాబట్టి ఆకాశం శుభ్రం, ఎర్ర మొగులు సరిగ్గా నడినెత్తిన. దేవుడు తన కోసమే ఆ నెల పెట్టాడంటాడు. వెన్నెల రాత్రులు ఊరివాళ్ళ పెళ్ళిళ్ళకి, చీకటి రాత్రులు ఆకాశానికి పోగా, అండాలు వాటాకి నెలకి ఒకటో రెండో రాత్రులు మిగిలేవి. ఆ రాత్రుల్లో ఆయన గుర్రుపెట్టి నిద్రపోయేవాడు.

జనార్ధన్ వాళ్ళది గడ్డిఅన్నారం. పండ్ల మార్కెట్ గోడకి దగ్గర్లో ఇల్లు. రాత్రంతా లారీల లైట్లు, హమాలీల అరుపులు, మామిడికాయల సీజన్లో అసలు రాత్రి అన్నదే ఉండేది కాదు. ఆ వెలుతుర్లో ఆకాశమేం కనిపిస్తుందని ఎల్బీనగర్ అవతలికి మారాడు. అక్కడా దీపాలు వచ్చిపడ్డాయి. చివరికి హైవే మీద బాటసింగారం దగ్గర అండాలు తమ్ముడి ప్లాట్లు ఉంటే, అక్కడ ఒక మూల కెమెరా పెట్టుకోవడానికి చోటు సంపాదించాడు. రెండు మూడేళ్ళు హాయిగా గడిచాయి. ఆ తర్వాత పండ్ల మార్కెట్టే గడ్డిఅన్నారం నుంచి లేచి బాటసింగారం వచ్చేసింది. ఆ వార్త విన్నరోజు జనార్ధన్ అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "నేను ఏడికి పోతే గది ఆడికొస్తుందే" అన్నాడు ఆఖరికి. అండాలుకి నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. ప్లాట్ల చివర గుట్టచాటుకి జరిగి, లారీల వెలుతురు అటుండగా ఇటు తిరిగి తీసుకోవడం మొదలుపెట్టాడు.

ఆయన అక్కడ తీసేది సగం పనే. మిగతా సగం ఇక్కడ వెనక గదిలో అండాలుది. ఆకాశాన్ని ఒక్కసారి క్లిక్కుమనిపిస్తే ఏమీ రాదు. ఒకే చోటికి కెమెరా పెట్టి, ఒక్కో ఫొటోకి నిమిషాల తరబడి తెరిచి ఉంచి, రాత్రంతా తీస్తూనే ఉండాలి. ఒక్కోటి విడిగా చూస్తే బూడిదరంగు గోడలా ఉంటుంది. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే, కాగిన పాల మీద మీగడ కట్టినట్టు, మెల్లిగా ఎరుపు తేలుతుంది. పేర్చే ముందు ఒక్కో ఫొటో తెరిచి చూసి చెడ్డవి ఏరెయ్యాలి. శంషాబాద్ వెళ్ళే విమానాలు గీతలు గీస్తాయి. మబ్బులు అడ్డొస్తాయి. దారి తప్పిన కారు లైటు పడుతుంది. బియ్యంలో రాళ్ళు ఏరడమైనా ఇంతకంటే నయం, తర్వాత తినొచ్చు.

పేర్చడం అయ్యాక ఇంకో పని. కెమెరా ముసలిది. దాని లోపల చెడిపోయిన చోట్లు ఉన్నాయి, అవి ఫొటోలో లేని చుక్కల్లా కనిపిస్తాయి. వాటిని తుడవాలి. ఏది నక్షత్రమో ఏది కెమెరా మచ్చో ఎట్లా తెలుస్తుందని మొదట్లో అండాలు అడిగితే జనార్ధన్ ఒక ఉపాయం చెప్పాడు.

"పోయినేటి ఫొటో పక్కకి పెట్టుకో. అండ్ల లేని చుక్క ఇండ్ల కనిపిస్తే గది కెమెరా మచ్చ. తుడిచెయ్. నక్షత్రాలు ఏడాదికోసారి కొత్తయి ఒస్తయా ఏంది?"

మచ్చలు తుడవడంలో చేయి తిరిగిన మనిషికి అంతకంటే సులువైన మాట ఏముంటుంది. అప్పటి నుంచి అట్లాగే చేస్తోంది.

ఈ పుష్యమాసానికి జనార్ధన్ బాగా అలిసిపోయి ఉన్నాడు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. చలికి వేళ్ళు వంగడం లేదు. ప్లాట్ల చుట్టూ ఎవరో కొత్త వెంచరు వేసి, స్తంభాల మీద తెల్లటి దీపాలు పాతారు. గుట్టచాటు కూడా ఇక చాటు కాదు. వెళ్ళేరోజు సంచి సర్దుకుంటూ, "గీ యేడే ఆఖరు" అన్నాడు. "ఈసారి తీసినంక గివన్నీ ఎవరికన్న ఇచ్చేస్త."

"నిజంగనేనా?"

"ముప్పై ఏండ్ల సంది ఆకాశం సూస్తున్ననే. ఒక్కటి. ఒక్కటన్న నాకు ముందు సూపిస్తదేమో అనుకున్న. తోకచుక్కనో, కొత్త చుక్కనో. ఎవ్వడు సూడనిది నేను సూడాలె అని ఉండె. సూపియ్యలే. ఇగ దానికీ నాకూ తీరిపోయింది."

ఆ మాట ఆయన ఇంకెవరికీ చెప్పడు. ఆకాశం వంక చూసేవాళ్ళందరికీ లోపల ఉండే ఆశే అయినా, పైకి అంటే నవ్వుతారని దాచుకుంటారు. అండాలుకి ఎప్పటి నుంచో తెలుసు. చీకటి రాత్రులన్నీ ఇంట్లో ఒక్కతే పడుకున్నది ఆ ఆశ మీద గౌరవంతోనే. అది లేకపోతే ఏనాడో పెద్ద గొడవ పెట్టుకుని ఉండేది.

శనివారం రాత్రి తీసిన ఫొటోలని అండాలు సోమవారం పట్టుకుంది. ముందు నెలలో జరిగిన పెళ్ళిళ్ళ ఆల్బములు ఇంకా కుప్పగా ఉన్నాయి. పొద్దున్నంతా ఏరి, పేర్చి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలోని పప్పన్నం తిని, ఎర్ర మొగులు తెరిచిందో లేదో కోటేశ్వరమ్మ గారు వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. ఆవిడ తెనాలి వైపు నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడిన మనిషి. మనవరాలు తన్మయి పెళ్ళి ఆల్బము కోసం వారంగా తిరుగుతోంది.

"ఏమ్మా అండాలూ, ఇదేంటి, మా తన్మయిది కాదే? ఈ ఎర్రగా ఉన్నదేంటమ్మా?"

"ఆకాశం అమ్మా. మా ఆయనది."

"ఆకాశానికేం తొందరమ్మా, అది ఎక్కడికీ పోదు. మా వియ్యాలవారు రేపు వస్తున్నారు. పిల్ల చుబుకం మీద ఆ మచ్చ తీసేశావా? తలంబ్రాల ఫొటోలో మరీ కొట్టొచ్చినట్టు కనబడుతోంది."

"తీస్తనమ్మా. ఐదు నిమిషాలు."

"నిన్న కూడా అయిదు నిమిషాలే అన్నావు."

అండాలు గబగబా పోయినేటి ఫొటో పక్కన పెట్టుకుంది. మెడ గుంజుతోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. కెమెరా మచ్చలు ఒక్కొక్కటీ తుడుచుకుంటూ ఎర్ర మొగులు పక్కకి వచ్చింది. అక్కడ ఒక చుక్క ఉంది. పోయినేడు లేదు. ఆమె చేయి ఒక్క క్షణం ఆగింది. ఇది కొంచెం పెద్దగా ఉందే అనుకుంది. వెనక కోటేశ్వరమ్మ గారు గాజులు సర్దుకుంటోంది. అండాలు దాన్ని కూడా తుడిచేసింది. ఫైలు మూసి తన్మయి చుబుకం తెరిచింది.

ఆ ఫొటో అద్భుతంగా వచ్చింది. జనార్ధన్ దాన్ని పెద్ద ప్రింటు తీయించి, స్టూడియో ముందు అద్దంలో పాస్‌పోర్టు ఫొటోల నమూనాల పక్కన పెట్టాడు. కోచింగ్ పిల్లలు చూసి నెట్లోంచి దించుకున్నారా అంకుల్ అని అడిగారు. కాదని చెప్పి చెప్పి అలిసిపోయి, అవునన్నాడు.

ఆ గురువారం ముందు గదిలోంచి కేక వినిపించింది.

"అండాలూ! జల్ది రా! రోజెట్ పక్కకి నోవా ఒచ్చిందట!"

ఊళ్ళో ఆకాశం పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో వచ్చిన కబురు అది. నోవా అంటే ఏమిటో జనార్ధన్ ఊపిరాడకుండా చెప్పాడు. కొత్తగా పుట్టిన నక్షత్రం కాదట. ఏనాడో చల్లారిపోయిన ముసలి నక్షత్రం, పక్క నక్షత్రం నుంచి కొంచెం కొంచెంగా లాక్కుని కూడబెట్టుకుని, ఒకరోజు భగ్గుమంటుందట. కొన్నాళ్ళు వెలిగి మళ్ళీ చీకట్లోకి పోతుందట. జపాన్‌లో ఒక పెద్దమనిషి మంగళవారం రాత్రి దాన్ని మొట్టమొదట చూసి లోకానికి చెప్పాడట.

"మంగళారం! నేను శనారం ఆడనే తీసిననే! గదే తావుల!"

పరుగెత్తుకెళ్ళి అద్దంలోంచి ప్రింటు తీసి బల్ల మీద పరిచాడు. ఫోన్లో వచ్చిన పటం పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో నక్షత్రం దాటుకుంటూ ఆ చోటికి వచ్చాడు. ఏమీ లేదు. నల్లగా, శుభ్రంగా ఉంది.

"నేను తీసినప్పుడు ఇంకా వెలగలే" అన్నాడు నెమ్మదిగా. "మూడు దినాలు. మూడు దినాలు ఆగి పోయుంటే..."

అండాలు ఆ వేలు ఉన్న చోటు చూసింది. ఆ చోటు ఆమె ఎరిగినదే. పని ఉందని చెప్పి వెనక గదిలోకి వచ్చి కూర్చుంది. కూర్చుంది కానీ కంప్యూటరు ముట్టుకోలేదు.

విషయం అక్కడితో ఆగినా సరిపోయేది. జనార్ధన్ నిజాయితీపరుడు. గ్రూపులో తన ఫొటో పెట్టి, శనివారం రాత్రి తాను అదే చోట తీశాననీ, అప్పటికి ఆ నక్షత్రం లేదనీ రాశాడు. ఆ గ్రూపులో ఒకాయన దాన్ని నోవాల లెక్కలు రాసే పైవాళ్ళకి పంపాడు. నాలుగు రోజులకి విదేశాల నుంచి జనార్ధన్‌కి ఒక మెయిలు వచ్చింది. మీరు ఇచ్చిన సమాచారానికి కృతజ్ఞతలు, శనివారానికి అది వెలగలేదని మీ ఫొటో వల్ల తెలిసింది, ఎప్పుడు వెలిగిందో లెక్కగట్టడానికి ఇది మాకు పనికొస్తుంది అని. ఆకాశం గురించి జనార్ధన్‌కి ఎవరైనా కృతజ్ఞతలు చెప్పడం జీవితంలో అదే మొదలు.

"సూసినవా?" అన్నాడు, ఫోను ఆమె కళ్ళ ముందు పెట్టి. "లేదని చెప్పుడు కూడా పనికొస్తదట. ఇన్నేండ్లు ఊకెనే పోలే."

ఆ రాత్రి ఆయన రెండోసారి చారు వేయించుకుని అన్నం తిన్నాడు. అండాలు తన కంచం పెట్టుకోనే లేదు.

మర్నాడు ఆయన బ్యాంకు పని మీద బయటికి వెళ్ళినప్పుడు పాత ఫైళ్ళు వెతికింది. వాడేసిన ఫొటోలని ఆమె వారానికోసారి తీసి పారేస్తుంది, పెళ్ళి వీడియోలకి చోటు చాలదు కాబట్టి. ఈసారి బద్ధకించి పారెయ్యలేదు. శనివారం రాత్రి తీసినవన్నీ అట్లాగే ఉన్నాయి. మొదటిది తెరిచి, వెలుతురు పెంచి, ఎర్ర మొగులు పక్కకి జరిపింది. ఉంది. రెండోది తెరిచింది. ఉంది. కెమెరా మచ్చ అయితే సూదిమొనలా, ఎర్రగా ఉంటుంది. ఇది తెల్లగా, పక్క నక్షత్రాల్లాగే అంచు మెత్తగా ఉంది. అన్నిట్లోనూ ఉంది. ఆ మధ్యాహ్నం ఇంత దగ్గరగా చూసి ఉంటే ఎవరికైనా తెలిసేది. ఆమె చూడలేదు.

తర్వాత నాలుగైదు రోజులు అండాలు మనిషి మనిషిలా లేదు. మెట్రోలో కూర్చుని స్టేషను దాటిపోయింది. ఒక పెళ్ళికూతురి ముక్కుపుడకనే మచ్చ అనుకుని తుడిచేస్తే, వాళ్ళ అమ్మ వచ్చి లబోదిబోమంది. చెప్పాలా, వద్దా? చెప్పకపోతే ఆయన ఆకాశం తనకి ఏమీ ఇవ్వలేదనుకుంటూనే మిగతా బతుకంతా బతుకుతాడు. అయినా ఆ మెయిలు ఒకటి ఉంది, దాన్ని చూసుకుని సంతోషపడతాడు. చెప్తే ఆ సంతోషం పోతుంది. పోవడమే కాదు, ముప్పై ఏళ్ళు ఎదురుచూసింది వచ్చి ఒళ్ళో వాలితే పెళ్ళామే తుడిచేసిందని తెలుస్తుంది. ఆ మాట విన్నాక ఏ మగాడైనా పెళ్ళాన్ని మునుపటిలా చూస్తాడా? చెప్పకుండా ఉండటమే మంచిదని రోజుకి నాలుగుసార్లు నిర్ణయించుకుంది.

కానీ ఆయన లేదని చెప్పాడు. అది అబద్ధం. ఆయనకి తెలియకుండా ఆయన చేత లోకానికి అబద్ధం చెప్పించింది తనే. తలకిందుల చంద్రుడితో ఎవరికీ నష్టం లేదు, అది ఆల్బము. ఇది అట్లాంటిది కాదు. ఎవరో ఎక్కడో ఆ లేదు అన్న మాట పట్టుకుని లెక్కలు వేస్తున్నారు. ఈ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి ఆమెకి చచ్చే నీరసం వచ్చేది.

పున్నమి రోజు చెప్పింది. ఆ రోజే ఎందుకంటే, ఆ సాయంత్రం ఆయనకి వెళ్ళడానికి చీకటి లేదు, పుష్యమాసం కాబట్టి పెళ్ళీ లేదు. సాయంత్రం స్టూడియోలోనే ఉన్నాడు. షట్టరు సగం దించి వెనక గదిలోకి పిలిచింది. చెప్పడానికి మాటలు చాలా సిద్ధం చేసుకుంది, ఒక్కటీ నోటికి రాలేదు. కుర్చీ ఆయనకిచ్చి, మొదటి ఫొటో తెరిచి, వెలుతురు పెంచి, చుక్క మీద బాణం గుర్తు పెట్టింది.

"శనారం తీసిందే. నేను తుడిచిన."

జనార్ధన్ ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత మౌసు లాక్కున్నాడు. రెండోది, మూడోది, పదోది తెరిచాడు. ఆఖరిది కూడా తెరిచి చూశాడు.

"ఎవరు తుడవమన్నరే?"

"నువ్వే. పోయినేట్ల లేనిది కెమెరా మచ్చ అన్నవు."

"అంటే? నీకు కండ్లు లేవా? గది మచ్చ లెక్క ఉందా? గింత పెద్దగ ఉందే!"

"నిద్రొస్తుండె. కోటేశ్వరమ్మ గారు వెనక కూసుండె."

"కోటేశ్వరమ్మ!" అని అరిచాడు. ఆ అరుపుకి పక్క కోచింగ్ సెంటర్లో పాఠం ఆగిపోయినట్టయింది. ఆయన లేచి, షట్టరు కిందుగా వంగి, బయటికి వెళ్ళిపోయాడు.

అండాలు అక్కడే నిలబడింది. వెంట వెళ్ళలేదు. ఏడుపూ రాలేదు. ఒంట్లో ఉన్న శక్తంతా చెప్పడానికే అయిపోయింది. సందులో మిర్చిబజ్జీల వాసన, మెట్రో వెళ్ళిన చప్పుడు, పిల్లలు హాస్టళ్ళకి పోతూ మాట్లాడుకునే మాటలు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. చాలాసేపటికి షట్టరు కింద ఆయన చెప్పులు కనిపించాయి. లోపలికి వచ్చాడు. మొహం కడుక్కున్నట్టున్నాడు, చొక్కా ముందంతా తడిసి ఉంది.

"గ్రూపుల రాయాలె" అన్నాడు. "నాకు చేతులు ఆడుతలేవు. నువ్వు కొట్టు."

ఫోను ఆమె చేతికిచ్చాడు. ఆయన చెప్తుంటే ఆమె రాసింది. శనివారం రాత్రి ఆ నక్షత్రం ఉంది. ఫొటోలు దిద్దేటప్పుడు పొరపాటున తుడిచేశాము. అసలు ఫొటోలు ఇవి. మా వల్ల లెక్క తప్పినందుకు క్షమించండి.

"తుడిచింది నేను కదా" అంది అండాలు. "నా పేరు పెడ్త."

"చెప్పింది నేను, చేసింది నువ్వు. గట్లనే ఉండనీ."

పంపాక ఇద్దరూ ఫోను వంక చూస్తూ కూర్చున్నారు. గ్రూపులో ముందు ఒకరు అయ్యో అన్నారు. ఇంకొకరు, పేరు పోతే పోయింది కానీ సార్, ఈ ఫొటోలు ఇప్పుడు పంపినా వాళ్ళకి పనికొస్తాయి అని రాశారు. జనార్ధన్ అది చదివి ఫోను బోర్లా పెట్టేశాడు. అందరికంటే ముందు చూసినవాడన్న పేరు అది. అండాలు చూపు తిప్పుకుంది.

"నువ్వు తుడిచింది ఏ దినం?" అని అడిగాడు.

"సోమారం."

"ఎప్పుడు?"

"బువ్వ తిన్నంక."

"నేను గా రాత్రి సూడలే. మొద్దు నిద్రల ఉన్న కారుల. కెమెరా దానంతట అది తీసుకుంది. ఆదివారం సూడలే. నువ్వు ఏరినప్పుడు గూడ నేను సూడలే." ఆయన గోడ వంక చూస్తూ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. "జపాన్ ఆయన సూసింది మంగళారం రాత్రి. అంటే ఆయన కంటె ముందే. మనిషన్నోడు ఇంకెవడు సూడకముందే. అండాలూ, గా నోవాని భూమ్మీద ఫస్ట్ సూసింది నువ్వే."

"సూస్తే ఏంది? సూసి తుడిచిన."

"తుడిచినవ్. గని సూసినవ్ గదా! పోయినేడు లేకుండె, గీయేడు ఉందని పట్టినవ్ గదా! ముప్పై ఏండ్ల సంది చలిల మెడలు ఇరగ్గొట్టుకున్నోనికి రాలే. ఎప్పుడన్న ఒకసారి ఆకాశం దిక్కు తలెత్తి సూసినవా నువ్వు? లేదు. బువ్వ తిని ఆవలిచ్చుకుంట కూసున్న నీకొచ్చింది. నీకు!"

ఓదార్చడానికి ఆ మాట అని ఉంటే అండాలు నమ్మేది కాదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఓదార్పులు ఆమెకి బాగా తెలుసు, అవి వినగానే పక్కన పడేసేవి. ఇప్పుడు ఆయన కళ్ళలో ఉన్నది జాలి కాదు, ప్రేమ కాదు, పచ్చి కుళ్ళు. జనార్ధన్ తనని చూసి కుళ్ళుకోవడం ఆమె ఎరగదు. తన దగ్గర ఆయనకి లేనిది ఏముందని? ఆయన ఇంకా అట్లాగే చూస్తున్నాడు. అప్పుడు నమ్మింది అండాలు, తను చూసిందని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇన్ని రోజులూ రాని ఏడుపంతా ఏడ్చింది.